గోడలో సీసా

ఫీనిక్స్‌కి పడమట, పత్తి చేలు ఇళ్ళుగా మారినచోట
తెల్లవారుజామున ఐదింటికి కిటికీ తెరుస్తాను.
అటు పళ్ళ డాక్టరు, ఇటు డోనట్ల కొట్టు,
మధ్యలో మేం.
మత్తు మాన్పించే చోటని బోర్డు మీద ఉండదు,
పక్క కాలనీ ఒప్పుకోలేదు.
మూడు మీటింగులు పెట్టారు.
ఇళ్ళ ధరలు పడిపోతాయని మూడింటిలోనూ లేచి అరిచినావిడ
ఇప్పుడు మంగళవారాలు కొడుకుని దింపి
కారులోంచి దిగకుండా కూర్చుంటుంది.
నేను చూసీ చూడనట్టుంటాను. నా జీతంలో అదీ భాగమే.

రైమండో బుస్తమాంతే ఎప్పుడూ లైనులో నాలుగోవాడు.
మొదట నిలబడటానికి సిగ్గు,
చివర నిలబడితే ఆరింటి పనికి ఆలస్యం.
వేళ్ళ సందుల్లో జిప్సం పొడి,
ఎంత కడిగినా పిండి కలుపుతూ లేచొచ్చినవాడి చేతులు.
ఈ ఊళ్ళో సగం గోడలు అతను బిగించినవే.
ఈ గోడలూ అతనివే, అప్పుడిది పరుపుల కొట్టు.
మందు మింగి, నోరు తెరిచి, నాలుకెత్తి చూపించాక
"ఆ మూల అతుకు సరిగ్గా కుదర్లేదు" అంటాడు.
రోజూ అదే మూల.

నిచ్చెన మీంచి పడ్డాడట. నడుము.
డాక్టరు ముప్ఫై మాత్రలు రాశాడు. తర్వాత ఇంకో ముప్ఫై.
తర్వాత రాయడం మానేశాడు.
అప్పటికి నడుము ఊసే ఎవరికీ పట్టలేదు,
ఒళ్ళంతా నోరైపోయింది.
వీధిలో దొరికే నీలం మాత్రలు
పిజ్జా కన్నా ముందే గుమ్మంలోకొచ్చేవి.

ఒక బుధవారం లైను పలచగా ఉన్నప్పుడు చెప్పాడు.
ఏదో పిట్ట పేరున్న వీధి అట.
ఈ ఊళ్ళో వీధులన్నిటికీ
ఇళ్ళు కట్టి తరిమేసిన పిట్టల పేర్లే.
అక్కడొక ఇంట్లో, మేస్త్రీ బూట్ల చప్పుడుకి
చేతిలో సీసా రెండు కర్రల మధ్య జారవిడిచి
పైన పలక బిగించేశాడు. పదహారు మరలు.
సాయంత్రం తీసుకుందామనుకున్నాడు.
సాయంత్రానికి పుట్టీ పట్టేసింది,
వారానికి రంగు, నెలకి కాపురం.

ఏ ఇల్లో గుర్తులేదు. అన్నీ ఒకే ఇల్లు కదా.
మానేసిన మొదటి రాత్రుళ్ళలో
చిన్న రంపం పక్క సీట్లో పెట్టుకుని
ట్రక్కు లైట్లార్పి ఆ వీధిలో తిరిగాడట,
ఏ గోడ పిలుస్తుందోనని చెవొగ్గి.
కుక్క మొరిగింది. ఒక వసారాలో దీపం వెలిగింది.
పిల్లల సైకిలొకటి దారికడ్డంగా పడుంది.
దిగి, దాన్ని లేపి గోడకానించి
ఇంటికొచ్చేశాడు.
"అంతే" అన్నాడు.
ఇంకేదో ఉంటుందని నేను చూస్తూ నిలబడ్డాను.

నేనుండేది ఆ వీధేనని చెప్పలేదు.
మా అమ్మాయి గోడకి పటం తగిలిస్తానంటే
మేకొద్దు, టేపు చాలన్నాను. ఎందుకంటే చెప్పలేదు.
అది నిద్రపోయాక వేలి కణుపుతో కొట్టి చూస్తాను,
పడకగది, వసారా, మెట్ల కింద.
ఎక్కడ కొట్టినా బోలుగానే మోగుతుంది,
వీళ్ళ గోడలు మోగేదే అలాగ.

జనవరిలో పదకొండు రోజులు రాలేదతను.
లైనులో మూడోవాడికీ ఐదోదానికీ మధ్య
ఒక మనిషి పట్టేంత చోటొదిలి నిలబడ్డారు,
ఎవరూ చెప్పకుండానే.
ఎనిమిదో రోజున కొత్తవాడొకడు దూరబోతే
స్కూలు బస్సు నడిపే డార్లా భుజంతో అడ్డుపడింది.

పన్నెండో రోజు వచ్చాడు.
చెంప మీద కమిలిన గుర్తు, గోళ్ళు శుభ్రం,
అంటే పని పోయింది.
మోతాదు మళ్ళీ మొదటికొచ్చింది, అడుగున తడి అంత.
కప్పు వణక్కుండా రెండు చేతులా పట్టుకున్నాడు.
మూలకేసి చూడలేదు.
నేనే చూశాను. నిజమే, అతుకు కుదర్లేదు.

నోరు తెరవమన్నాను.
తెరిచాడు.